పాటకు జీతము, రంగమునకు తాళము

గద్దరు పేరిట తెలంగాణ ప్రభుత్వమువారు 2025వ సంవత్సరము జూన్ 14వ తేదీన బహుమతులు పంచిపెట్టిరి. ఎవరికి? చలనచిత్రములవారికి. గొంగళి భుజాన వేసికొని, కఱ్ఱ చేతబట్టి, కాలిగజ్జెలతో, నలుగురు గూడిన చోటునే రంగముగా జేసికొని పాడిన మనిషి పేరు, విద్యుద్దీపముల వెలుగులో వేదిక నెక్కిన తారల చేతులలో ప్రతిమయై చేరినది. చలనచిత్రములపై మాకు ద్వేషము లేదు. ఆ కళలో నారితేరినవారు బహుమతులకు దగినవారే. గద్దరు సైతము 1980లో వెలువడిన 'మా భూమి' చిత్రమున తెఱమీద గనబడి పాడినవాడే. మా ప్రశ్న వేఱు. ఆయన నాడు తెఱపై పాడిన పాట ఎక్కడ పుట్టినది? ఆ పాడిన కంఠము ఎక్కడ పుట్టినది? అవి పుట్టినచోట నేడేమి మిగిలినది?

పాట నల్లగొండ నేలపై సాయుధపోరాటపు దినములలో బండి యాదగిరి నోట పుట్టినది. దొరల గడీలను, నైజాము సర్కారును ఎదిరించి నిలిచిన రైతుకూలీల నడుమ పుట్టినది. దానికి మందిరము లేదు, తెఱ లేదు, హార్మోనియము సయితము లేదు. ఇక కంఠము మన సికిందరాబాదుదే. 1970 ప్రాంతమున ఆల్వాలులో బి. నరసింగరావుగారు 'ఆర్ట్ లవర్స్' అను చిన్న కూటమిని నడుపుచుండిరి. తూప్రానునుండి వచ్చిన గుమ్మడి విఠల్‌రావను యువకుడు ఆ కూటమిలో జేరెను. అంతకుముందు ఆ యువకుడు చేయుచున్న పని యేమి? ప్రభుత్వ ప్రచారముల కొఱకు బుర్రకథలు చెప్పుట! కంఠము అదే, గజ్జెలు అవే, బుర్రకథ అదే. మారినదేమనగా, చెప్పవలసిన మాట నిర్ణయించువాడు మారెను. ఆ చిన్న కూటమిలో నుండి జననాట్యమండలి పుట్టెను. 1913లో అమెరికాలో వెలసిన గదర్ పార్టీ పేరు విఠల్‌రావునకు పేరయ్యెను. ఒక మనిషి కళాకారుడగుటకు వేయిమంది కూర్చుండు సభామందిరము అక్కఱలేదు. ముప్పదిమంది నమ్మకముగా గూడు ఒక గది చాలును. కాని ఆ గది యుండవలెను.

పాలకులకు ఈ సంగతి మనకంటె ముందే తెలియును. చట్టముల చరిత్ర చూచినవారికి ఇది స్పష్టము. దీనబంధు మిత్రుని 'నీలదర్పణము' 1860లో వెలువడి, పిదప వంగదేశపు రంగస్థలములపై నీలిమందు దొరల దౌర్జన్యమును బట్టబయలు చేయగా, తెల్లదొరలు 1876లో నాటక ప్రదర్శనముల చట్టమును తెచ్చిరి. పుస్తకము చదువువాడు ఒంటరి. నాటకము చూచువారు ఒక గుంపు. గుంపు ఒక్కసారిగా నవ్వినను, ఒక్కసారిగా కన్నీరు గార్చినను ప్రభుత్వమునకు ముప్పని వారెఱుగుదురు. నైజాములో గస్తీ నిషాన్ 53 అను ఫర్మానా సభలకు ముందనుమతిని విధించెను. సర్కారాంధ్రమున 1943లో వెలసిన ప్రజానాట్యమండలి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు నల్లగొండ రైతుపోరాటముపై 1947లో వ్రాసిన 'మా భూమి' నాటకమును ఊరూరా ఆడగా, మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. తెల్లదొరలు వెడలిపోయిరి, వారి చట్టము మాత్రము పోలేదు. 1953లో లక్నోలో ప్రేంచందు కథనుండి తీసిన 'ఈద్‌గాహ్' నాటకముపై అదే చట్టమును ప్రయోగించిరి. అలహాబాదు హైకోర్టు 1956లో ఆ చట్టము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. అయినను చట్టగ్రంథములనుండి దానిని కొట్టివేయుటకు 2018 జనవరి వఱకు పట్టినది! స్వతంత్రభారతము డెబ్బదియేండ్లు తెల్లదొర బూజును గోడకు వ్రేలాడనిచ్చినదన్నమాట. కక్షిదారునకు తీర్పు వచ్చుటకే ఆలస్యమగునని మమ్ము నిందించువారు ఈ లెక్క గూడ చూడవలెను.

చట్టముతో లొంగనిచోట తుపాకి వచ్చినది. 1997 ఏప్రిల్ 6వ తేదీన ఆల్వాలు వెంకటాపురములో గద్దరు ఇంటివద్దనే ఆయనపై కాల్పులు జరిగినవి. ఒక గుండు మరణపర్యంతము ఆయన దేహమున నిలిచిపోయినది. 1999లో భువనగిరి ప్రాంతపు పాటకత్తె బెల్లి లలితను అతి క్రూరముగా చంపి శరీరమును ముక్కలు చేసిరి. పాట ఆగినదా? 2002లో కామారెడ్డిలో 'ధూంధాం' మొదలయ్యెను. ఊరిబయట బండ్లమీద, బజారులో బల్లలమీద, పాఠశాలల అరుగులమీద తెలంగాణము తన్నుదాను పాడుకొనినది. అందెశ్రీ బడికి పోనివాడు, తాపీపని చేసినవాడు. ఆయన వ్రాసిన గీతమును ఉద్యమదినములలో జనము తమదిగా జేసికొనిరి. రాష్ట్రము 2014లో వచ్చినది. ఆ గీతమునకు అధికారపీఠమున చోటు దొరకుటకు 2024 జూన్ 2 వఱకు ఆగవలసి వచ్చెను. ఆ పదియేండ్లును జనము ఆ పాట పాడుట మానలేదు. 2025 నవంబరులో ఆయన కన్నుమూసెను.

ఇట్లు నిషేధమునకు, తుపాకికి లొంగని పాటకు మూడవ ఉపాయమొకటి కనిపెట్టిరి. అది మొదటి రెంటికంటె మెత్తనిది. దాని పేరు జీతము. రాష్ట్రావతరణానంతరము ప్రభుత్వము తెలంగాణ సాంస్కృతిక సారథి యను సంస్థను స్థాపించి, ఉద్యమమున పాడిన 550 మంది కళాకారులను కొలువులో జేర్చుకొనెను. ధూంధామును నడిపిన రసమయి బాలకిషన్‌గారే దానికి అధ్యక్షులైరి. కొలువు చేసినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. పండ్రెండేండ్లు పస్తులతో పాడి, ఇంటికి పోయిన పిదప భార్యాబిడ్డల ముఖము చూచినవానికి జీతము చేదగునా? కాని ఆ జీతమునకు బదులుగా అడిగినదేమి? చెఱువుల పూడికతీతపై పాట, మొక్కలు నాటుటపై పాట, నల్లా నీటిపై పాట. ఇవి మంచి పనులే కావచ్చును. మంచిపనికి డప్పు కొట్టుటలో తప్పు లేదు. చెఱువు పూడిక తీయుటలో గుత్తేదారు ఎంత తినెనో ఆ డప్పు చెప్పగలదా? చెప్పజాలదు. 2023 డిసెంబరులో పాలకులు మారిరి, పథకముల పేర్లు మారినవి. సారథి మాత్రము నిలిచియే యున్నది. నిన్న ఒక పథకమును కీర్తించిన కంఠము నేడు మఱియొక పథకమును కీర్తింపవలెను. పూర్వము వంది మాగధులకు రాజు ఒక్కడే. పాపము, మన కళాకారునకు ఎన్నికకొక రాజు!

బుర్రకథ నెఱిగినవారు ఇందులోని నష్టమును ఇట్టే పట్టుకొందురు. నడుమ కథకుడు, ఇరుప్రక్కల ఇద్దఱు వంతలు. కుడిప్రక్కవాడు రాజకీయము చెప్పువాడు, ఎడమప్రక్కవాడు హాస్యము చెప్పువాడు. కథ బొబ్బిలియుద్ధమైనను అల్లూరి సీతారామరాజుదైనను, ఈ యిద్దఱు నడుమనడుమ దూరి, ఊరి కరణమును, కల్తీవ్యాపారిని, లంచమడిగిన ఉద్యోగిని ఒక చెణుకు విసరి పోవుదురు. షేక్ నాజరుగారి కీర్తికి కంఠముతోబాటు ఈ పొందిక కూడ కారణము. సర్కారీ బుర్రకథలో నడుమనున్నవాడు మిగులును. ఇరుప్రక్కల వంతలకు పని యుండదు. వంతలు లేనిది బుర్రకథ యగునా?

ఈ యుపాయములనన్నిటిని ఒకదానివెంట నొకటిగా చవిచూచిన దేశమొకటి ఐరోపాలో గలదు. దాని సంగతి మనవారికి తెలిసినది తక్కువ. హిట్లరు 1939లో మ్రింగిన చెకొస్లొవేకియా యని మాత్రము బడిలో చదువుకొంటిమి. ఆ దేశపు రాజధానియగు ప్రాగ్ నగరమున 1927లో వొస్కొవెట్స్, వెరిఖ్ అను ఇద్దఱు యువకులు ఒక చిన్న ప్రదర్శనము చేసిరి. దానికి వారు పెట్టిన పేరు చొక్కాజేబుకు సంబంధించినది. అనగా జేబులో పట్టునంత చిన్నదని తామే చెప్పుకొనిరి. ఆ రంగమునకు 'విముక్త రంగము' అని పేరు. చూపు సరిగా లేని యెజెక్ అను సంగీతజ్ఞుడు బాణీలు గట్టగా వారు వ్రాసిన పాటలు చెక్కుల వీథులన్నిట మారుమ్రోగినవి. నాటకము నడుమ తెఱ దింపి, వారిద్దఱును తెఱముందు నిలిచి ఆనాటి పత్రికావార్తలపై అప్పటికప్పుడు హాస్యమాడుచుండెడివారు. మన బుర్రకథలోని కుడి యెడమ వంతలు గుర్తుకు రాలేదా? కేతిగాడు పరదేశమునకు పోలేదు. ప్రతి దేశముననొక కేతిగాడు పుట్టుచునే యున్నాడు.

1933లో వీరాడిన 'గాడిద, నీడ' యను నాటకపు కథ మా వృత్తివారికి మిక్కిలి ప్రియమైనది. గ్రీకుల పాతకథ. ఒకడు గాడిదను బాడుగకు తీసికొని, ఎండలో దాని నీడను కూర్చుండెను. యజమాని, నేను గాడిదను బాడుగకిచ్చితిని గాని నీడను ఇయ్యలేదని దావా వేసెను. ఊరంతయు రెండు పక్షములుగా చీలెను. జర్మనీలో హిట్లరు గద్దెనెక్కిన ఏడాదిలోనే ఈ కథను తీసికొని, పక్షములుగా చీలిన ప్రజను ఎవడు సవారి చేయునో వారు చూపిరి. జర్మను రాయబార కార్యాలయము ఆక్షేపించెను. మఱుసటి యేట మఱియొక నాటకమునకు చెక్కు దేశమునందలి తీవ్రవాదులే రంగశాలలో అల్లరి చేసిరి. వీరు మానలేదు. 1938 సెప్టెంబరులో మ్యూనిఖ్ ఒడంబడిక జరిగెను. అదే నవంబరులో వారి రంగమునకు అనుమతి రద్దయ్యెను. మూడును అమెరికాకు పోవలసి వచ్చెను. యెజెక్ 1942 జనవరి 1న న్యూయార్కులో మరణించెను. వారి నగరమును జర్మనులు ఆక్రమించుటకు నాలుగు మాసములు ముందే, రంగమును మూయించినది స్వదేశపు అధికారులే. పరుగున వచ్చు పులికి ముందుగానే తలుపులు తెఱచి యుంచువారు ప్రతి దేశమున నుందురు.

యుద్ధము ముగిసెను. 1948లో కమ్యూనిస్టులు అధికారమును చేజిక్కించుకొనిరి, రంగశాలలన్నియు ప్రభుత్వపరమయ్యెను. నటునకు నెలజీతము వచ్చెను. కొంతకాలము ఎవరును ఆకలితో నుండలేదు. ఎవరును గట్టిగా నవ్వనూలేదు. 1959లో సుఖీ, ష్లిత్ర్ అనువారు 'సెమఫోర్' అను రంగమును తెఱచిరి. ఆ పేరునకు చెక్కుభాషలో 'ఏడు చిన్న ప్రక్రియలు' అని పొట్టియక్షరముల అర్థము. చిన్న యను మాట వారికి సిగ్గు గాదు, బిరుదు. అందుండి వచ్చిన పాటలు ఒక తరమునకు మాటలాడుట నేర్పినవి. వెరిఖ్ నడిపిన రంగశాలలో తెఱలు, బల్లలు మోయు పనివాడుగా ఒక యువకుడు చేరెను. తర్వాత 1960లో 'నా జాబ్రద్లీ' యను మఱియొక చిన్న రంగమునకు పోయి నాటకములు వ్రాసెను. ఆయన పేరు వాత్స్లావ్ హవెల్.

1968 ఆగస్టులో సోవియటు శకటములు ప్రాగ్‌లో దిగినవి. ఆ సంవత్సరమున మార్తా కుబిషోవా యను గాయని, 17వ శతాబ్దపు పండితుడు కొమెనియసు వాక్యముతో గూడిన ఒక ప్రార్థనాగీతమును పాడగా అది ప్రజల గీతమయ్యెను. 1970లో ఆమె నోరు మూసిరి. రంగము, రేడియో, ధ్వనిముద్రణ అన్నియు ఆమెకు నిషిద్ధములు. ఇరువదియేండ్లు ఆమె చిన్న కొలువులు చేసికొని బ్రదికెను. మిగిలిన గాయకులకు పరీక్షలు పెట్టిరి. పాట రాగయుక్తమా యనుటయే గాక, పాడువాడు ప్రభుత్వ సిద్ధాంతమును వల్లెవేయగలడా యనియు చూచిరి. 1977 జనవరిలో హవెల్ మొదలగువారు పౌరహక్కులకై 'చార్టర్ 77' అను ప్రకటనము వెలువరింపగా, ప్రభుత్వము ఆ నెల 28న దేశపు కళాకారులను జాతీయ రంగశాలలో సమావేశపఱచి ఖండనపత్రముపై వ్రాళ్లు చేయించెను. తాము ఖండించుచున్న ప్రకటనమును చదువకయే వ్రాలు చేసినవారు అందులో బహుమంది. పెద్ద రంగశాల దేనికి పనికివచ్చునో ఆ దినమున తెలిసినది.

చిన్న రంగశాల దేనికి పనికివచ్చునో పండ్రెండేండ్ల తర్వాత తెలిసెను. 1989 నవంబరు 17న విద్యార్థుల ఊరేగింపును పోలీసులు చావగొట్టిరి. మఱునాడే రంగస్థలనటులు సమ్మె కట్టిరి. తెఱ లేచినది గాని నాటకము ఆడలేదు. నటులు ముందుకు వచ్చి జరిగినదానిని ప్రేక్షకులకు చెప్పిరి, ప్రేక్షకులు లేచి తమ మాట చెప్పిరి. 19వ తేదీ రాత్రి 'పౌరవేదిక' పుట్టినది 'చినొహెర్నీ క్లుబ్' అను చిన్న రంగశాలలోనే. ఆ దినములలో కుబిషోవా నగరకూడలిలోని మేడపైనుండి ఇరువదియేండ్ల మౌనము తర్వాత జనసముద్రము నెదుట పాడెను. డిసెంబరు 29న, ఒకనాడు తెఱలు మోసిన హవెల్ దేశాధ్యక్షుడయ్యెను. జీతములిచ్చి నలువదియేండ్లు పోషించిన ప్రభుత్వమును, దాని జీతగాండ్రే తమ చిన్న రంగములనుండి సాగనంపిరి. కనుక జీతము కళాకారుని శాశ్వతముగా కొనలేదు. కాని ఆ నలువది యేండ్లలో చెప్పవలసిన వేళ చెప్పబడని మాటలకు లెక్క యెవరియ్యగలరు?

ఇచ్చట ఒక యాక్షేపణ వచ్చును. "ఐతే కళాకారుడు ఆకలితో చావవలెనా? మీరు న్యాయస్థానమున ఫీజు పుచ్చుకొనుట లేదా?" అని. పుచ్చుకొందుము. అయితే కక్షిదారులిద్దఱిలో ఒకనివద్ద శాశ్వతముగా జీతము తీసికొనుచు, రెండవవాని వకాల్తా గూడ నాదేయని మేమనము. ప్రజ తరఫున పలుకుటకు పుట్టిన పాట, ప్రభుత్వపు హాజరుపట్టికలో సంతకము చేయవలసి వచ్చుటయే మా యభ్యంతరము. వృద్ధకళాకారులకు పింఛను ఇయ్యుడు. అది హక్కుగా ఇయ్యుడు, ఏ మంత్రి సభలో పాడెనో అడుగక యియ్యుడు. చలనచిత్ర గీతరచయితకు 2012లో చట్టము సవరించి రాయల్టీహక్కు కల్పించిరి. వీథిలో పుట్టి చిత్రములలో జేరు పాటల కర్తలకు ఏ హక్కు గలదో అదియు విచారింపుడు. బండి యాదగిరి పేరు నేడు ఆ పాటను కూనిరాగము తీయువారిలో ఎంతమంది యెఱుగుదురు?

మనకు కావలసినది రంగము. సికిందరాబాదున హరిహర కళాభవనము, నగరమున రవీంద్రభారతి వంటి పెద్ద మందిరములు గలవు. అవి సన్మానసభలకు, శాలువలకు, జ్ఞాపికలకు దగినవి. ఎనిమిదిమంది కుఱ్ఱవాండ్రు తమ తొలి నాటకమునో తొలి పాటనో నూఱుమంది ముందు పెట్టి, నవ్వులపాలై, మఱల దిద్దుకొని, మఱల పెట్టుటకు తగిన చోటు కావలెను. తప్పు చేయుటకు చవుకగా దొరకు చోటే కళకు పాఠశాల. అట్టిది సాధ్యము గాదనువారు, 2010 నుండి బంజారాహిల్సులో ఒక పాత ఇంటిలో నడచుచున్న 'లామకాన్' ను చూచి రావలెను. అది ప్రభుత్వము పెట్టినది గాదు. ఒక కుటుంబము తమ ఇంటిని ప్రజకు తెఱచినది. అయితే దానికి పోవుటకు ఆల్వాలు కుఱ్ఱవానికి రెండు బస్సులు మారవలెను. ములుగు కుఱ్ఱవాని మాట యేమి?

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులకు చెప్పవలసినదొకటి గలదు. మన గ్రంథాలయములు ఉత్త పుస్తకముల కొట్లుగా పుట్టినవి కావు. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, సికిందరాబాదున 1905లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము పుట్టినపుడు, సభలకు తావు దొరకని కాలమున తెలుగు మాట వినబడిన చోట్లు అవియే. నేడు ప్రతి గృహస్థుడును ఆస్తిపన్నుతోబాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాడు. 1960 నాటి చట్టము అది. పౌరుడు చెల్లించిన ఈ సొమ్మును వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమకట్టుట లేదని ప్రతియేట మొఱ వినబడుచునే యున్నది. ఆ సొమ్మును జమకట్టింపుడు. శాఖాగ్రంథాలయములు సాయంత్రము తాళము వేసిన తర్వాత, వాని పెద్దగదిలో ఒక అడుగెత్తు అరుగు, నాలుగు దీపములు, నూఱు కుర్చీలు పెట్టింపుడు. వాడుకొనువాడు విద్యుత్తు ఖర్చు ఇయ్యవలెను. కథ యేమో, పాట యేమో ముందుగా చూపనక్కఱలేదు. దరఖాస్తు ముందు వచ్చినవానికి ముందు చోటు. నేరముండిన యెడల చూచుకొనుటకు శిక్షాస్మృతి గలదు, న్యాయస్థానములు గలవు.

దీనికి కొత్త చట్టము సైతము అక్కఱలేదని మా నమ్మకము. గ్రంథాలయ సంస్థ తీర్మానము, ప్రభుత్వపు ఒక ఉత్తరువు చాలును. ఈ యర్థమున ఒక వినతిపత్రమును సిద్ధపఱచుచున్నాము. ప్రతి పఠనమందిరమునుండి కార్యదర్శి సంతకముతోబాటు, అచ్చటి గది పొడవు వెడల్పులు, తాళముపడు వేళ, మూలనబడియున్న కుర్చీల సంఖ్య వ్రాసి పంపవలెను. బెత్తెడు కొలతబద్ద పట్టుకొని పోయి కొలిచి పంపుడు, అంచనాలు వలదు.